వేపకాయంత పిండి

బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఏడోది వేపకాయల బతుకమ్మ. ఆశ్వయుజ శుద్ధ షష్ఠి నాడు వస్తుంది. ఆ సాయంత్రం పూలు పేర్చి, పసుపు గౌరమ్మను నిలిపి, ముందర పెట్టే ఫలారం బియ్యప్పిండి వేపకాయలు. సకినాలకు కలిపే పిండినే చిటికెడు చిటికెడు తీసుకుని, అరచేతుల నడుమ కోలగా చేసి, నూనెలో వేయించి తీస్తారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లలో ఇది పెద్ద వంటల లెక్కలోకి రాదు. సంక్రాంతి సకినాలకున్న పేరు దీనికి లేదు. అరిసెల నాటి హడావుడి లేదు. పావుకిలో పిండితో పని అయిపోతుంది. కానీ చేతిపని మీద ఇష్టమున్నవాళ్లు ఈ వంటను ఒకసారి దగ్గర కూర్చుని చూడాలి. ఇంత చిన్న వస్తువులో ఇంత నేర్పు ఎట్లా పట్టిందా అనిపిస్తుంది.

ముందుగా కాలం సంగతి. ఆ రోజున వేపచెట్టు మీద కాయ ఉండదు. ఉగాదికి పూత, ఎండల్లో పిందె, మిరుగు దాటినాక పండు, ఆషాఢ శ్రావణాల్లో రాలుడు. బతుకమ్మ నాటికి చెట్టు ఆకులతో నిండుగా ఉంటుంది గానీ, కొమ్మలు వంచి వెతికినా కాయ దొరకడం కష్టం. ఎదురుగా పెట్టుకుని పోల్చుకోవడానికి నమూనా లేదు. మొన్నటి వానకాలంలో వాకిట్లో రాలిన పండ్లను ఊడ్చిన చెయ్యి, చిన్నప్పుడు వాటిని కాళ్ల కింద చితకగొట్టిన పాదం, వాటి కొలతను దాచిపెట్టుకుని ఉంటాయి. ఆ జ్ఞాపకంతోనే పిండి వేపకాయ అవుతుంది. చూసి చేసిన బొమ్మకూ, తలచుకుని చేసిన బొమ్మకూ తేడా ఉంటుంది. తలచుకుని చేసినదాంట్లో అక్కరలేనివన్నీ రాలిపోయి, ఆ వస్తువును ఆ వస్తువుగా నిలబెట్టేవి రెండు మూడు గుణాలే మిగులుతాయి.

ఈ ఫలారం వెనక భయం కూడా ఉంది. దాన్ని వదిలేసి వంట గురించే మాట్లాడితే సగమే చెప్పినట్టు.

పండుగ మొదలయ్యేదే పోయినవాళ్ల రోజున. భాద్రపద బహుళ అమావాస్య, మన దిక్కు పెత్రమాస. ఆ పొద్దున పెద్దలకు బియ్యమిస్తారు. చాటలో బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు, ఉప్పు పెట్టి, పోయినవాళ్ల పేర్లు తలచుకుని అయ్యగారి చేతుల్లో పెడతారు. తర్పణం వదిలే ఇళ్లలో నువ్వులూ నీళ్లూ వదులుతారు. అదే రోజు పొద్దుగూకినాక ఆడబిడ్డలు ఎంగిలిపూల బతుకమ్మను ఎత్తుకుని గుడి ముందరికో చెరువు కట్టకో పోతారు. ఆ మొదటి సాయంత్రం ఫలారం ఏమిటంటే నువ్వులు, బియ్యప్పిండి, నూకలు. చచ్చిపోయినవాళ్ల పేరిట పొద్దున నీళ్లలో పడ్డ నువ్వే సాయంత్రం బతికున్న పిల్లల దోసిట్లోకి వస్తుంది. నడుమ గడిచింది కొన్ని గంటలే.

అక్కడి నుంచి రోజుకొక ఫలారం. రెండో రోజు అటుకులు, మూడో రోజు ముద్దపప్పు, నాలుగో రోజు బెల్లంతో నానబియ్యం, అయిదో రోజు అట్లు. ఆరో రోజు ఏమీ ఉండదు. అమ్మ అలిగిందంటారు, పూలూ పేర్చరు, నైవేద్యమూ పెట్టరు. ఆ ఖాళీ తర్వాతి రోజు వచ్చేవే వేపకాయలు. అలకకూ వేపకూ సంబంధం ఉందని ఎవరూ రాసిపెట్టలేదు. నాకు మాత్రం ఆ వరుస ఊరికే కుదిరినట్టు అనిపించదు. మన ఊళ్లలో అమ్మ కోపం అనగానే ముందు గుర్తొచ్చేది వేపమండ. పోచమ్మ గుడి ముందర వేపచెట్టు, బోనం కుండకు వేపకొమ్మ, ఒంటి మీద అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపాకు, పడుకున్న మనిషి పక్క కింద వేపాకు. ఆ అమ్మవారు, అంటే మసూచి, మన దేశంలో చివరిసారి కనబడింది 1975లో. లోకమంతటా అది పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది 1980లో. అంతకు ముందు పుట్టినవాళ్లకు వేపకొమ్మ కట్టిన గుమ్మం అంటే అలంకారం కాదు. ఆ ఇంట్లోకి పోవద్దని గుర్తు, లోపల ఒక బిడ్డ కళ్లు తెరుస్తుందో లేదో తెలియని రాత్రులకు గుర్తు. ఆ చెట్టు కాయను పిండితో చేసి, వేయించి, పిల్లల చేతుల్లో పెట్టడం చాలా ధైర్యమున్న ఆలోచన.

పోయినవాళ్ల రోజులకూ, భయపెట్టే వస్తువుల ఆకారంలో చేసే తిండికీ లోకమంతటా చుట్టరికం ఉంది. అక్టోబరు 31న హాలోవీన్ విందుల్లో బిస్కెట్లను మనిషి వేళ్లలాగా చేసి కొసన బాదం పప్పును గోరుగా గుచ్చుతారు. తెల్లటి చీజ్ ముద్దలో ఆలివ్ ముక్క పెట్టి కనుగుడ్డు చేస్తారు. సాసేజీకి పిండి పట్టీలు చుట్టి, కట్లు కట్టిన శవమంటారు. మెక్సికోలో నవంబరు మొదట్లో చనిపోయినవాళ్ల రోజులకు చేసే తీపి రొట్టె మీద పిండినే ఎముకల్లా మలిచి అతికిస్తారు. ఇటలీలో సిసిలీ ద్వీపం వాళ్లు నవంబరు 2కు బాదం ముద్దతో పండ్లు చేస్తారు. పలెర్మో నగరంలోని మార్తోరానా మఠం పేరు మీద వాటిని మార్తోరానా పండ్లంటారు. పీచుపండు మీది నూగు, అత్తిపండు మీది చీలిక, నారింజ తొక్క మీది గుంటలు అన్నీ రంగులతో దించుతారు. బుట్టలో పెడితే అసలు పండ్లే అనుకుంటాం. పోయిన పెద్దలు రాత్రి వచ్చి పిల్లలకు పెట్టిపోయారని అక్కడ చెబుతారు.

ఈ పనులన్నీ గొప్పవే. ముఖ్యంగా సిసిలీ వాళ్ల చెయ్యి. కానీ ఇవన్నీ పోలికను చివరిదాకా తీసుకుపోయేవి. చూసినవాడు ఒక్క క్షణం మోసపోవాలి. వేపకాయల ఫలారంలో ఉన్న పద్ధతి వేరు. కాయ కొలత తీసుకున్నారు, కోల ఆకారం తీసుకున్నారు, గుప్పెడు గుప్పెడుగా రాలి ఉండే ఆ సమృద్ధి తీసుకున్నారు. చేదు తీసుకోలేదు, ఆకుపచ్చ రంగు తీసుకోలేదు, నునుపు తీసుకోలేదు. పోలికను ఎంతవరకు తేవాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన పని ఇది. ఈ ఫలారం మీద నా మెచ్చుకోలు అంతా ఆ ఆపిన చోటి గురించే. ఆ చోటు వంటలోనే, నూనె దగ్గరే తేలుతుంది. ఎట్లాగో చెప్పాలంటే బియ్యం నుంచి మొదలుపెట్టాలి.

సంక్రాంతి సకినాలకు కొత్త బియ్యం అందుతాయి. బతుకమ్మ నాటికి వానకాలం వరి ఇంకా పొలం మీదనే, పొట్టకో ఈనికకో వచ్చి ఉంటుంది. కాబట్టి ఇంట్లో ఉన్నది యాసంగి బియ్యమో, నిరుటి బియ్యమో. జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. జగిత్యాల సన్నాలు అనే వరి రకం అక్కడిదే, ఈ దిక్కు అన్నానికి చాలా ఇళ్లలో అటువంటి సన్నబియ్యమే. పిండివంటకు మాత్రం దొడ్డు బియ్యాన్నే తీసిపెట్టుకునే ఇళ్లు ఉన్నాయి. పాత బియ్యం నీళ్లు ఎక్కువ తాగుతాయి, కాబట్టి రాత్రి నానబోసి పొద్దున వడగడతారు. వడగట్టడమంటే జల్లిగిన్నెలో ఒంపడంతో అయిపోదు. బట్ట మీద పరిచి, చేత్తో ముడితే తడి తగలాలి గానీ వేళ్లకు నీళ్లు అంటకూడదన్నంత దాకా ఆరనిస్తారు. ఈ ఒక్క మెట్టు దగ్గర తొందరపడితే తర్వాత ఎంత నేర్పున్న చెయ్యీ కాపాడలేదు.

తర్వాత గిర్ని. తడి బియ్యం ఆడించడానికి గిర్ని వాళ్లు వేరే పొద్దు పెట్టుకుంటారు, ఎందుకంటే గోధుమలు, మక్కలు పట్టే రాళ్ల నడుమ తడిపిండి మెత్తుకుపోతుంది. సంక్రాంతికి అయితే వరుస కట్టి నిలబడతారు. ఏడో రోజు పావుకిలో కోసం అంత దూరం పోయేవాళ్లు ఇప్పుడు తక్కువ, మిక్సీలో వేసి జల్లెడ పడతారు. ఎట్లా చేసినా కావలసింది ఒకటే: మెత్తగా ఉంటూనే గుప్పిట్లో పడితే గుప్పిటి అచ్చు నిలిచే తడిపిండి. పొడిబియ్యం పిండికి ఆ గుణం రాదు.

ఈ పిండిలోకి ఉప్పు, వాము, నువ్వులు. వాము చేతిలో నలిపి వేస్తారు. నువ్వుల విషయంలో జగిత్యాల జిల్లాకు చెప్పుకోదగ్గ పేరుంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్ వైపు ఎండాకాలంలో నువ్వు పంట వేస్తారు. పొలాస నుంచి వరి రకాలే కాదు, శ్వేత, జగిత్యాల తిల్ వంటి నువ్వు రకాలూ వచ్చాయి. నువ్వులను కడిగితే బాగా ఎండబెట్టి వేయాలి. చెమ్మ ఉన్న నువ్వు నూనెలో చిటపటలాడి ముఖం మీదికి ఎగురుతుంది. కొన్ని ఇళ్లలో ఉప్పు, వాము మానేసి బెల్లం పాకంతో పిండి కలిపి తీపి వేపకాయలు చేస్తారు. నాకు ఉప్పువే ఇష్టం. అందులో వాము ఘాటు నాలుక చివర కొద్దిగా చురుక్కుమంటుంది, వేపలో ఉండవలసిన చేదు చోటును అది పూరిస్తుంది.

నీళ్లు కొద్దికొద్దిగా. సకినానికి పిండి కొంచెం జారుగా ఉండాలి, వేళ్ల సందున తీగలా రావాలి. వేపకాయకు అదే పిండి, ఒక చెంచాడు నీళ్లు తక్కువ. ఈ చెంచాడు తేడాను పుస్తకంలో రాయడం కష్టం. చేసేవాళ్లు పిండిని అరచేతిలో పెట్టి బొటనవేలితో ఒత్తి చూస్తారు. వేలి గుంట అంచున సన్నగా పగిలితే సరిపోయింది. అస్సలు పగలకపోతే నీళ్లు ఎక్కువ. పొడిపొడిగా రాలితే తక్కువ.

ఇప్పుడు అరచేతుల పని. చిటికెడు పిండి తీసి రెండు అరచేతుల నడుమ పెడతారు. గుండ్రంగా తిప్పితే గోలీ అవుతుంది, ముందుకూ వెనక్కూ ఆడిస్తే కోల అవుతుంది. వేపకాయ ఈ రెంటి నడుమది. రెండు చుట్లు గుండ్రంగా తిప్పి, ఒక్కసారి ముందుకు ఆడించి, చివర్న ఒత్తిడి వదిలేస్తారు. ఆ వదలడంలోనే కొస వస్తుంది. ఒత్తిడి వదలకుండా తీస్తే రెండు వైపులా మొండిగా, చిన్న కట్టెముక్కలా మిగులుతుంది. బాగా చేసే చెయ్యి దీన్ని చూడకుండానే చేస్తుంది, కళ్లు పొయ్యి మీద ఉంటాయి.

కొలత గురించి అవ్వకూ మనుమరాలికీ జరిగే మాటలు ఏ ఇంట్లోనైనా ఇట్లనే ఉంటాయి.

“అవ్వా, గింత సాలునా?”

“అగో, గంత పెద్దగ జేస్తె లోపట పచ్చిగుంటది బిడ్డా. వేపకాయ సూడలేదా నువ్వు? గంతనే తీస్కో.”

వేపకాయ నిజంగా ఎంత? పొడవు దాదాపు ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు, అడ్డం ఒక సెంటీమీటరు పైన. ఆశ్చర్యం ఏమిటంటే బియ్యప్పిండి ముద్ద లోపలిదాకా ఉడికి, పైన కరకరలాడేలా వేగడానికి సరిపోయే కొలత కూడా దాదాపు ఇదే. ఇంకా లావైతే పైపొర ఎర్రబడే వేళకు నడుమ పచ్చిగా ఉంటుంది. ఇంకా సన్నమైతే రాయిలా గట్టిపడుతుంది. ఆ చెట్టు కాయ కొలతను ఎన్నుకున్నవాళ్లు భక్తితో ఎన్నుకున్నారో, నూనె దగ్గర తేలిన లెక్కతో ఎన్నుకున్నారో తేల్చి చెప్పలేం. రెండూ ఒకచోట కలిశాయి, అంతే.

ఇక వేయించడం. ఈ వంటలో ప్రమాదమంతా ఇక్కడే ఉంది. బియ్యప్పిండి ముద్దలు పేలతాయి. తమిళులు కృష్ణాష్టమికి చేసే ఉప్పు సీడై దీనికి దగ్గర చుట్టం, వాళ్ల వంటిళ్లలోనూ ఇదే భయం. కారణం సులువైనదే. గోధుమ పిండిలో సాగే గుణం ఉంది, కాబట్టి లోపల ఆవిరి పుడితే పూరీ పొంగుతుంది. బియ్యప్పిండిలో ఆ గుణం లేదు. నూనె వేడి 170 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, పిండిలోని నీరు 100 దగ్గరే ఆవిరవుతుంది. ముద్ద పైపొర ముందే గట్టిపడి మూసుకుంటే ఆవిరికి దారి ఉండదు, సాగడానికి వీలుండదు, ఒక్కసారిగా బద్దలవుతుంది. మూకుడు లోంచి వేడి నూనె చింది ముఖం మీదా, చేతుల మీదా పడుతుంది. చేతి మీద ఆ పాత మచ్చ ఉన్న అమ్మలు ఈ దిక్కు తక్కువేమీ కాదు.

ఇక్కడే ఇందాక చెప్పిన ఆపడం వస్తుంది. చెట్టు మీది వేపకాయ నున్నగా మెరుస్తుంది. చేతిలోని వేపకాయను అంత నున్నగా చేయగల నేర్పు ఉన్నవాళ్లు కూడా చేయరు. అరచేతుల్లో గట్టిగా రుద్ది, సందు లేకుండా నునుపు చేసిన ముద్దే ముందు పేలుతుంది. తేలిగ్గా తిప్పి వదిలేసిన ముద్ద మీద కంటికి ఆనీ ఆననట్టు బీటలు ఉంటాయి. ఆవిరి వాటి గుండా బయటికి పోతుంది. గులాబ్ జామూన్ చేసేటప్పుడు బీట కనబడితే తప్పు. ఇక్కడ బీటే రక్ష. అనుమానం ఉన్నవాళ్లు పుల్లతోనో సూదితోనో ఒక్క గాటు పెడతారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అదే మంచిది. అందం కోసం ఇంకొంచెం రుద్దాలని చేతికి ఉబలాటంగా ఉంటుంది. ఆ ఉబలాటాన్ని ఆపుకోవడం చేతకాక ఎంతోమంది మంచి వంటగాళ్లు కూడా దెబ్బ తింటారు.

“వదినె, జర మంట తగ్గియ్యి. పేల్తయి.”

“నువ్వు దూరం జరుగు. పిల్లలు ఇటు రాకుండ సూడు.”

నూనె కాగినట్టు తెలియడానికి చిన్న పిండి ముక్క వేస్తారు. అది అడుగు తాకి మెల్లగా పైకి రావాలి. వేయగానే పైకి ఎగిరివస్తే వేడి ఎక్కువ, పైపొర ముందే బిగుసుకుపోతుంది. కాయలన్నీ ఒకేసారి కుమ్మరించరు, మూకుడు అంచు నుంచి నాలుగు నాలుగు జారవిడుస్తారు. వేసిన వెంటనే గంటె పెట్టరు. మొదటి నిమిషం వాటిని వాటికి వదిలేయాలి, పచ్చిపొర గంటెకు అంటుకుని విరిగిపోతుంది. నురుగు పెద్ద పెద్ద బుడగలతో లేస్తుంది. లోపలి నీళ్లు పోతున్న కొద్దీ బుడగలు సన్నబడతాయి, చప్పుడు తగ్గుతుంది. ఈ చప్పుడు మీదనే పాతవాళ్లు లెక్క పెట్టుకుంటారు. వెనక్కి తిరిగి కొబ్బరి తురుముతూనే, “తియ్యి, అయిపోయినయి” అని చెప్పేవాళ్లను చూస్తే వాళ్ల చెవి మీద గౌరవం కలుగుతుంది. గోధుమ రంగు తిరగకముందే, తెలుపు పోయి లేత పసుపు పట్టినప్పుడు, చిల్లుల గంటెతో ఎత్తి వెడల్పు తాంబాళంలో పరుస్తారు. తాంబాళంలో పడ్డప్పుడు టకటకమని మోగాలి. మెత్తగా చప్పుడైతే లోపల తడి మిగిలింది, మరోసారి సన్న సెగ మీద పోవాలి.

సకినం ముందర ఈ పని ఎంత అని అడిగేవాళ్లుంటారు. సకినం గొప్పతనాన్ని తక్కువ చేసేదేమీ లేదు. నేల మీద తెల్ల బట్ట పరిచి, బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు మూడింటితో పిండికి పురి పెడుతూ, చెయ్యి తిప్పుకుంటూ మూడు చుట్లో అయిదు చుట్లో వేసి మొదటి కొసను చివరి కొసకు కనబడకుండా కలపడం సంవత్సరాల సాధన. ఆ బట్ట కూడా పనిలో భాగమే. సకినంలోని తడిని అది పీలుస్తుంది, అప్పుడే సకినం విరగకుండా లేస్తుంది. అందుకు నూలు బట్టే కావాలి. సిరిసిల్ల మరమగ్గాల మీద ఇప్పుడు పాలిస్టర్ ఎక్కువ. 2017లో ప్రభుత్వం పంచడం మొదలుపెట్టిన బతుకమ్మ చీరలూ చాలావరకు ఆ మగ్గాల మీదనే, ఎక్కువగా ఆ దారంతోనే నేశారు. ఆ ఊళ్లోనే సకినాల కోసం పాత నూలు దోతిని ఉతికి, మడతపెట్టి, పెట్టె అడుగున దాచుకునే ఇళ్లున్నాయి.

సకినంలో నేర్పు పైకి కనబడుతుంది. చుట్లు లెక్కపెట్టవచ్చు, పురి చూడవచ్చు, వియ్యాలవారికి పంపితే ఎవరి చెయ్యో చెప్పవచ్చు. వేపకాయలో నేర్పంతా లోపల దాగి ఉంటుంది. పేలలేదన్నదే దాని నేర్పు. కరకరలాడి, నడుమ పొడిగా, గట్టితనం లేకుండా విరిగిందన్నదే దాని అందం. నోట్లో వేసుకున్నవాడికి ఇవేవీ తెలియవు, ఇంకొకటి కావాలనిపిస్తుంది, అంతే. అందుకే దీని గురించి ఎవరూ రాయలేదేమో. నాకు ఈ రెంటిలో వేపకాయ చేసే చెయ్యి మీదనే ఎక్కువ ఇష్టం. మెప్పు రాదని తెలిసీ అంత జాగ్రత్తగా ఉంటుంది.

ఏడో రోజు అన్ని ఊళ్లలో ఒకటి కాదు. సిరిసిల్లకు ఎంతో దూరం లేని వేములవాడలో ఏడో రోజే సద్దుల బతుకమ్మ. మిగతా చోట్ల తొమ్మిదో రోజు, దుర్గాష్టమికి చేసే పెద్ద బతుకమ్మను అక్కడ రెండు రోజుల ముందే సాగనంపుతారు. ఇటు సిరిసిల్లలో వేపకాయలు వేగుతున్న సాయంత్రం, అటు రాజన్న గుడి ఉన్న వేములవాడలో పెరుగు సద్ది, చింతపండు పులిహోర, నిమ్మకాయ సద్ది, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది కలుపుతుంటారు. మలీద ముద్దలూ ఉంటాయి. రొట్టెలు నలిపి బెల్లం కలిపి కట్టే ఆ మలీదనే పీర్ల పండుగకు పీరీల ముందరా పెడతారు. ఈ దిక్కు ఊళ్లలో ఒకే ఇంట్లో ఒకే అవ్వ రెండింటికీ కట్టిస్తుంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ దేశాలకు పోయినవాళ్లు లేని వాడ ఉండదు. దుబాయికి పోయే బ్యాగులో సకినాలు తప్పనిసరి, చుట్లు విరగకుండా డబ్బాలో బట్ట మడతల నడుమ పెడతారు. వేపకాయలకు అంత జాగ్రత్త అక్కర్లేదు, విరిగేదేమీ లేదు. సందుల్లో పోసి పంపుతారు. అమెరికాలో ఉన్న పిల్లలు బతుకమ్మ ఆడిన కొన్ని వారాలకే హాలోవీన్ వేషాలు వేస్తారు. వేళ్ల బిస్కెట్లు, కనుగుడ్ల చీజ్ ఉన్న బల్ల మీద ఒక గిన్నెడు వేపకాయలు పెట్టడానికి ఏ అడ్డూ లేదు. అక్కడ గిర్ని దొరకదు, కాబట్టి బియ్యాన్ని రాత్రి నానబోసి, వడగట్టి, కాసేపు బట్ట మీద ఆరబెట్టి, మిక్సీలో కొద్దికొద్దిగా తిప్పుకోవాలి. ప్యాకెట్ పిండే దిక్కయితే నీళ్లు చిలకరించి, తడిబట్ట కప్పి గంటసేపు వదిలి, జల్లించుకుని అప్పుడు ఉప్పు, వాము, నువ్వులు కలపాలి. పొడిపిండి మెత్తగా ఉంటుంది, తొందరగా మూసుకుపోతుంది, కాబట్టి సూదిగాటు మాత్రం మరిచిపోవద్దు. మొదటి వాయిలో మూడే వేసి, మూత చేతిలో పట్టుకుని కొద్దిగా దూరం నిలబడి చూడాలి. అవి నిమ్మళంగా వేగితే మిగతావి ధైర్యంగా వేయవచ్చు.

పిల్లలను పిలవాల్సింది పొయ్యి దగ్గరికి కాదు, పిండి ముద్ద దగ్గరికి. సకినం తిప్పడం రాని చేతికి కూడా ఇది వస్తుంది. ఆరేడేళ్ల పిల్ల చేసిన మొదటి పది ఉండల్లా ఉంటాయి, తర్వాతి పది కోలగా వస్తాయి, ఆ తర్వాత ఒకటి రెండు కొస తేలతాయి. పెద్దవాళ్లు అన్నిటినీ ఒకే వాయిలో వేస్తారు. గౌరమ్మ ముందర పెట్టే గిన్నెలోకి కొస తేలినవి ఏరతారు. మిగతావి, ఆట అయిపోయి చెరువు కట్ట దగ్గర ఫలారం పంచేటప్పుడు, ఆ పిల్లనే పట్టుకుని తిరిగి అందరి చేతుల్లో పెట్టమంటారు.